‘రెండు పొయ్యిల ఇల్లు’ ఎవరిది?

13-6-94, సోమవారం

నా రాత బాగుండదు. ఒత్తులు తప్పుతాయి. మా ఊరి బడిలో నాలుగో తరగతి దాకానే చదివాను, ఆ పంతులు కూడా కోతలప్పుడు బడికి తాళం వేసి పొలం పోయేవాడు. ఈ పుస్తకం పొరపాటున ఎవరి చేతిలోనైనా పడితే తప్పులు క్షమించాలి. ఇది నా కోసమే రాసుకుంటున్నాను.

రాయమన్నది వకీలు విశ్వనాథం గారు. ఏఎస్ రావు నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ మీద గదిలో ఉంటారు. “చెన్నయ్యగారూ, ఏ రోజు ఎవర్ని కలిశారో, వాళ్ళేమన్నారో తేదీ వేసి రాసి పెట్టుకోండి. రేపు ఎవరైనా అడిగితే తడుముకోనక్కర్లేదు” అన్నారు. తలూపి వచ్చాను. పుస్తకం నాచారం మందుల కంపెనీ వాళ్ళ నిరుటి డైరీ. ఆ కంపెనీ గేటు మీద పదిహేడేళ్ళు వాచ్‌మన్‌గా చేశాను. తేదీలు కలవవు. కొట్టేసి నావి వేస్తున్నాను.

విషయం ఇది. ఎనిమిదేళ్ళ కింద మా బర్రెల కొట్టం పక్క షెడ్డులో ఒక టీవీ సినిమా తీశారు. పేరు ‘రెండు పొయ్యిల ఇల్లు’. తీసినాయన గంగాధరరావు గారు, పెద్ద ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ఇంజనీరు. ఆయనా, ఆయన తోటి ఉద్యోగులూ సాయంత్రాలు మా షెడ్డులో నాటకాలు వేసుకునేవారు. అత్త వేషానికి రావలసిన ఆమె ఆ రోజు రాలేదు. మా ఆవిడ శంకరమ్మ వాళ్ళకు టీకి పాలు ఇవ్వడానికి పోయి, కోడలి వేషంలో ఉన్న అమ్మాయి పొయ్యి ఊదుతుంటే చూసింది. “పొయ్యి గట్ల ఊదుతరా పిల్లా? ఇల్లు గాలవెట్టేటట్టున్నవ్” అంది. గంగాధరరావు గారు చెయ్యెత్తి అందరినీ ఆపేశారు. “అమ్మా, ఆ మాట మళ్ళీ అనండి” అన్నారు. అంతే. అత్త మా ఆవిడే అయింది.

నవంబరులో ఒక సాయంత్రం టీవీలో వేశారు. సరిగ్గా అప్పుడే నాచారంలో కరెంటు పోయింది. ఉప్పల్‌లో పోలేదు. ఉప్పల్ వాళ్ళంతా చూశారు, నాచారం వాళ్ళు ఒక్కరూ చూడలేదు. మళ్ళీ వేయలేదు. ఇప్పటికీ ఉప్పల్ కూరగాయల అంగట్లో మా ఆవిడను “అత్తమ్మా” అని పిలిచి కొత్తిమీర ఊరికే ఇస్తారు. నాచారంలో మాత్రం ఆమె టీవీలో వచ్చిందంటే ఎవరూ నమ్మరు. మా అక్క సత్తమ్మ అసలే నమ్మదు.

ఆ రోజు నేను పని మీద ఉప్పల్ పోయాను. అది వేరే సంగతి.

14-6-94

నిన్న చెయ్యి నొప్పి పుట్టి ఆపేశాను. మిగిలింది రాస్తాను.

పోయిన వారం కేబుల్ దామోదర్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. బోడుప్పల్‌లో మూతబడ్డ వీడియో లైబ్రరీ నుంచి పాత క్యాసెట్లు సంచెడు కొన్నాడట. ఒకదాంట్లో మా ఆవిడ కనపడింది. “మామా! అత్తమ్మ దొరికింది!” అని గల్లీ మొదటి నుంచే అరుచుకుంటూ వచ్చాడు. వేయమంటే మాత్రం వేయనన్నాడు. నిరుడు ఎవరినీ అడగకుండా ఒక కొత్త సినిమా కేబుల్లో వేసి పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగిన మనిషి. “ఓనర్ రాసిచ్చిన కాయితం తే మామా, గా నిమిషమే ఏస్త. కాయితం లేకుంటె నన్నడగకు. గావాలంటె అత్తమ్మకు ఒక్కదానికి నా రూముల సూపిస్త.”

మా ఆవిడ ఒప్పుకోలేదు. “దొంగసాటుగ సూసుకునేతందుకు నేనేం తప్పు జేసిన? ఒక్కదాన్నే సూసి అచ్చి జెప్తె మీ అక్క నమ్ముతదా? గల్లి మొత్తం సూడాలె. గల్లితోటే నేను సూస్త.”

ఓనరు ఎవరో దామోదర్‌కు తెలియదు. ఎవరో ఆలస్యంగా మొదలుపెట్టి రికార్డు చేసిన క్యాసెట్ అది, మొదట్లో పేర్లు లేవు. గంగాధరరావు గారు రిటైరయి కోస్తా వైపు వెళ్ళిపోయారు, ఏ ఊరో తెలియదు. అందుకని వకీలు దగ్గరికి పోయాను.

నాకు సినిమాల మీద ఆసక్తి ఏమీ లేదు. దామోదర్ అడిగాడు కదా అని తిరుగుతున్నాను.

16-6-94

విశ్వనాథం గారు వేళ్ళు మడిచి చెప్పారు. టీవీ కేంద్రం వాళ్ళు తమ కోసం డబ్బిచ్చి తీయించుకుంటే సినిమా వాళ్ళది. బయటివాళ్ళు సొంతంగా పూనుకుని తీసి, ప్రసారానికి ఇచ్చి ఉంటే ఆ పూనుకున్న మనిషిది. దాన్ని నిర్మాత అంటారట. “పాతబడింది కదా, ఇక ఎవరిదీ కాదేమో” అని అడిగాను. నా అంతట నేను అడిగిన మొదటి ప్రశ్న. ఆయన నవ్వారు. “సినిమాకు అరవై ఏళ్ళండి. ఎనభై ఆరులో వేశారు గనక రెండు వేల నలభై ఆరు ఆఖరు దాకా దానికి ఓనరు ఉంటాడు.”

ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. “నలబయి ఆరు దాంక నేనాగ. నువ్వు జర జల్ది కానియ్యి” అంది.

20-6-94, సోమవారం

రామంతాపూర్ టీవీ కేంద్రానికి పోయాను. వకీలు గారు రాసిచ్చిన దరఖాస్తు జేబులో ఉంది. గేటు ఎదురుగా బస్ స్టాప్‌లో గంటన్నర నిలబడ్డాను. నాలుగు బస్సులు ఆగి, ఎక్కుతావా అని నన్ను చూసి వెళ్ళాయి. చివరికి గేటు వాచ్‌మనే చెయ్యి ఊపి పిలిచాడు.

“ఏంది పెద్దమనిషీ, పొద్దట్నుంచి గేటు దిక్కే సూస్తున్నవ్?”

“నేను గూడ గేటు మీదనే జేసిన. పదిహేడేండ్లు” అన్నాను. ఎందుకన్నానో తెలియదు, అదే నోటికి వచ్చింది.

“ఏ షిఫ్ట్?”

“నైటు.”

అంతే, కుర్చీ వేశాడు. తానే వెంటబెట్టుకుని లోపల కాగితాలు తీసుకునే గదికి తీసుకుపోయాడు. అక్కడ మంగతాయారు అనే ఆమె కళ్ళద్దాలు పైకి జరిపి దరఖాస్తు చదివింది. “రెండు పొయ్యిల ఇల్లా! అందులో అత్తగారు, బాబోయ్, మా అత్తగారే కూర్చుని తిడుతున్నట్టుండేదండి. మీకేమవుతుంది?”

“మా ఆవిడ” అందామనుకున్నాను. తలూపాను.

“మీ అత్తగారా?” అంది.

దానికీ తలూపి వచ్చేశాను. జవాబుకు మూడు వారాలు పడుతుందట.

24-6-94

ఏమీ లేదు. బర్రె ఈనింది. దూడ.

28-6-94

సత్తక్క వచ్చింది. మా ఆవిడతో, “ఇంగ దొరకలేదా నీ సినిమా? దొరకదు. ఉంటె గద!” అంది. మా ఆవిడ దూడ మూతి తుడుస్తూ ఉంది, తలెత్తలేదు. “మీ తమ్ముడు తిరుగుతున్నడు వదినె” అంది. “వీడా? వీడు ఆఫీసుకు పోయి నోరు దెరిస్తె గద” అంది అక్క. ఇద్దరూ నా వైపు చూశారు. నేను గడ్డి తేవడానికి పోయాను.

గడ్డి అప్పటికే ఉంది.

3-7-94, ఆదివారం

ఆ రోజు ఉప్పల్‌లో నాకు పని లేదు. ఇక్కడ రాసుకుంటే ఏమవుతుంది.

ఆ సాయంత్రం మా అక్క ఇంట్లో టీవీ ముందు నలభై మంది కూర్చున్నారు. మా ఆవిడ ముందు వరుసలో, తలకు నూనె పెట్టుకుని కూర్చుంది. అందరూ నన్ను కూడా చూసి నవ్వుతున్నారు. వాళ్ళ మధ్య కూర్చోవాలంటే నాకు ఒళ్ళంతా చెమట పట్టింది. దాణా తెస్తానని చెప్పి సైకిల్ మీద ఉప్పల్ పోయాను. చౌరస్తాలో రేడియోల దుకాణం అద్దాల వెనక టీవీ నడుస్తోంది. చూసేసరికి మా ఆవిడ! అప్పటికే మొదలై ఐదు నిమిషాలయి ఉంటుంది. మాట వినపడదు, బొమ్మే. అయినా ఆమె పెదవులు కదులుతుంటే ఏం అంటోందో నాకు తెలుసు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఒకతను “ఎవర్రా బాబు గీ ముసలమ్మ, కడిగి పారేస్తుంది” అన్నాడు. “మా ఆవిడ” అని ఒక్క మాట అనాల్సింది. అనలేదు. సైకిల్ స్టాండ్ కూడా వేయకుండా, హ్యాండిల్ పట్టుకునే చివరి దాకా చూశాను.

ఇంటికి వచ్చేసరికి గల్లీ అంతా చీకటి. ఆమె కొట్టంలో ఒక్కతే కూర్చుని ఏడుస్తోంది. ఏమయిందన్నాను. “కరెంటు పోయింది. ఎవ్వరు సూడలే. నేను గూడ సూడలే” అంది.

అప్పుడు నేను చూశానని ఎలా చెప్పను? ఆమె చూడనిది నేను చూశానని. రేపు చెబుదామనుకున్నాను. రేపు కూడా రేపే అనుకున్నాను.

5-7-94

చెప్పాను.

6-7-94

మాట్లాడటం లేదు. చాయ్ పెట్టి గట్టు మీద పెట్టి పోతోంది.

7-7-94

ఇవాళ కూడా లేదు. కాని చాయ్‌లో చక్కెర రెండు చెంచాలు ఎక్కువ వేసింది. కోపమో ఏమో తెలియడం లేదు.

8-7-94, శుక్రవారం

పాలు పిండుతూ, నా వైపు తిరగకుండా అడిగింది. “ఎట్ల అవుపడ్డ?”

“మంచిగ అవుపడ్డవ్” అన్నాను.

“గీ రెండు మాటలకు ఎనిమిదేండ్లు వట్టిందా?” అంది. తరవాత నవ్వింది. పిండే చెయ్యి కదిలేంత నవ్వింది. బర్రె తిరిగి చూసింది.

నాకు పెద్ద మూట దిగినట్టుంది. ఇవాళ రెండు సార్లు అన్నం తిన్నాను.

11-7-94, సోమవారం

టీవీ కేంద్రం నుంచి జవాబు వచ్చింది, వకీలు గారి పేరు మీద. ఇంగ్లీషులో ఉంది, ఆయన చదివి చెప్పారు. ఇది కేంద్రం వాళ్ళు తీయించినది కాదు. బయటివాళ్ళు తీసి ప్రసారానికి ఇచ్చినది. ప్రసార హక్కు తప్ప మిగతా హక్కులన్నీ నిర్మాతవే. నిర్మాత పేరు కూడా ఉంది. ఎం. చెన్నయ్య, నాచారం.

విశ్వనాథం గారు కాగితం కింద పెట్టి నా వైపు చూశారు. “మీ ఇంటిపేరేంటి?”

“మాదాసు.”

“మాదాసు చెన్నయ్య. నాచారం.”

“నాచారంల చెన్నయ్యలు చానామంది ఉన్నరు సార్” అన్నాను.

ఆయన మీసం కింద నవ్వు దాచుకున్నట్టు అనిపించింది. “అలాగా. అయితే వెతకండి. ఈలోగా నేను ఆ ఒప్పందం నకలు కోసం రాస్తాను.”

పేరు దొరికింది, ఇక పని సులువు. రేపటి నుంచి ఆ చెన్నయ్యను పట్టుకోవాలి. ఎవరో గొప్ప మనిషై ఉంటాడు.

12-7-94

నాచారంలో ఎం అక్షరం చెన్నయ్యలు ఇద్దరని రేషన్ దుకాణంలో తెలిసింది. మొదట మేకల చెన్నయ్య దగ్గరికి పోయాను. ఇస్త్రీ బండి.

“ఎనబయ్యారుల టీవీ సినిమా తీసినవా అన్నా?” అని అడిగాను.

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, అటూ ఇటూ చూసి, “ఆ, తీసిన. ఎందుకు?” అన్నాడు.

సంతోషం పట్టలేక పోయాను. “ఏం కథ అన్నా?”

“ఫైటింగ్‌లున్నయ్ తమ్మీ. మస్తు ఫైటింగ్‌లు. చివర్ల పోలీసోళ్ళొస్తరు.”

ఆయన కాదు.

15-7-94

రెండో ఆయన మంద చెన్నయ్య. పోయి మూడేళ్ళయిందట. ఆయన భార్య మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టింది. “ఆయినకు టీవీ అంటెనే పడకపోతుండె. ముంగటికెల్లి పోతె గూడ కండ్లు మూసుకుంటుండె” అంది. ఆయనా కాదు.

నాచారంలో ఇంకో చెన్నయ్య ఎక్కడున్నాడో. మల్లాపూర్ వైపు కూడా చూడాలి.

16-7-94

రాత్రి మా ఆవిడ అంది, “గా ఎం చెన్నయ్య నువ్వే గాదా?” నేను కాదన్నాను. నేను సినిమా తీస్తే నాకు తెలియదా.

22-7-94, శుక్రవారం

ఒప్పందం నకలు వచ్చింది. విశ్వనాథం గారు ఆఖరి పేజీ తిప్పి నా ముందు పెట్టారు. అంతా ఇంగ్లీషు, కింద ఒక్క చోట తెలుగు సంతకం. ‘మా. చెన్నయ్య.’ ‘న్న’ కింద ఒత్తు పక్క గీతలోకి జారిపోయింది. ‘య్య’ తోక తెగింది. నాచారంలో అంత చెడ్డగా రాసేవాడు నేనొక్కడినే.

“సార్, నేను జేయలే. ఎవలో…”

“సంతకం మీది కాదా?”

“నాదే.”

అప్పుడు గుర్తుకు వచ్చింది. గంగాధరరావు గారు ఒక సాయంత్రం కొట్టం ముందు నులక మంచం మీద కూర్చుని ఏవో కాగితాలు చూపిస్తూ చాలాసేపు మాట్లాడారు. ఆయన గొప్ప ఇంజనీరు, నా మంచం మీద నా పక్కన కూర్చున్నారని నాకు సిగ్గు. ఒక్క ముక్కా చెవిలో పడలేదు. షెడ్డు వాడుకోవడానికి నా ఒప్పుకోలు కాగితం అనుకున్నాను. ఆయన ఆగినప్పుడల్లా తలూపాను. సంతకం చేయమన్న చోట చేశాను.

విశ్వనాథం గారు నిదానంగా చెప్పారు. ప్రభుత్వ కంపెనీ ఉద్యోగులు తమ పేరు మీద బయట వ్యాపారం చేయకూడదట. అందుకని నిర్మాతగా నా పేరు పెట్టి ఉంటారన్నారు. “కాగితం ప్రకారం ఆ సినిమా ఓనరు మీరే చెన్నయ్యగారూ. ఇంత కాలం మీ అనుమతి కోసం మీరే తిరుగుతున్నారు.”

ఓనరైతే ఇవాళే దామోదర్‌కు రాసివ్వవచ్చట. నేను ఇవ్వనన్నాను. ఆ సినిమా గంగాధరరావు గారిది. కాగితం మీద నా పేరుందని ఒకరి వస్తువు నాదనుకుంటే రేపు ఆయన ముఖం ఎలా చూడను? అట్లని మా ఆవిడ ముఖం ఎలా చూడను?

బస్సులో టికెట్ తీసుకోవడం మరిచిపోయాను. కండక్టర్ అడిగితే తలూపాను. తిట్టాడు.

23-7-94

మా ఆవిడకు చెప్పాను. చాట కింద పెట్టేసింది. “నువ్వా? ఓనరు? నువ్వా?” అంటూ నవ్వడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం దాకా మధ్య మధ్య నవ్వుతూనే ఉంది. సాయంత్రం మాత్రం నింపాదిగా అంది, “గా సారును అడిగితెనే మంచిది. ఆయిన గాదంటె ఏం జేస్తం, నేను సూడకపోతి. ఎనిమిదేండ్లు ఆగిన.”

ఇన్నేళ్ళలో ఆమె అంత మెల్లగా మాట్లాడటం నాకు తెలియదు. అందుకే నిద్ర పట్టలేదు.

25-7-94

విశ్వనాథం గారు రిటైరైన ఉద్యోగుల సంఘం దగ్గర గంగాధరరావు గారి అడ్రసు సంపాదించారు. కాకినాడ. కార్డు రాయబోయి ఇన్‌లాండ్ కవరు కొన్నాను. రెండు పాడుచేసి మూడోది పోస్టు చేశాను.

30-7-94

జవాబు లేదు.

2-8-94

లేదు. పోస్టుమాన్ మా గల్లీ మలుపు తిరగకముందే మా ఆవిడ గేటు దగ్గర ఉంటోంది.

5-8-94, శుక్రవారం

వచ్చింది. ఇక్కడ ఎక్కించుకుంటాను.

‘చెన్నయ్యగారికి నమస్కారం. మీ ఉత్తరం చూసి ఇంట్లో అందరం చాలాసేపు నవ్వుకున్నాం, మీ మీద కాదు, నా మీద. ఆ రోజు మీ మంచం మీద కూర్చుని అరగంట చెప్పానండి, మా పేర్లు పెట్టకూడదు, మీ పేరు పెడతాం, రేపు బరువు బాధ్యతలు మీవే అవుతాయి అని. మీరు ప్రతి దానికీ తలూపారు. ఎంత ధైర్యవంతుడండీ ఈయన అని మా వాళ్ళతో అన్నాను కూడా. ఇప్పుడు మీరు అది నాది కాదంటే ఎలా? షెడ్డు మీది, పొయ్యిలు మీవి, పాలు మీవి, అత్తగారు మీ ఆవిడ. మేం వచ్చి మాటలు చెప్పి వెళ్ళాం. కథ మట్టుకు నాది, దాన్ని మీరు ఎలా వేసుకున్నా నాకు సంతోషమే, ఈ ఉత్తరమే నా అంగీకారం అనుకోండి. శంకరమ్మగారు ఇప్పటికీ చూడలేదంటే మాత్రం మనసు చివుక్కుమంది. త్వరగా చూపించండి.’

చదివి వినిపిస్తుంటే మా ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “అరగంట జెప్పిండటనా?” అంది. “నీకు ఎవ్వరన్న అరగంట జెప్తె తెలుస్తదా! ముప్పయి ఎనిమిదేండ్ల సంది నేను జెప్తున్న.”

8-8-94

విశ్వనాథం గారికి ఉత్తరం చూపించాను. “కాగితమూ మీదే అంటోంది, తీసినాయనా మీదే అంటున్నాడు. ఇక కాదని వాదించేవాడు మీరొక్కరే మిగిలారు” అన్నారు. టైపు చేసిన అనుమతి కాగితం మీద సంతకం పెట్టమన్నారు. ఈసారి పెట్టే ముందు ఏం రాసి ఉందో చదివించుకున్నాను. రెండు సార్లు.

ఫీజు సంగతి అడిగితే, “అత్తగారి సినిమాకు నన్నూ పిలవండి, చాలు” అన్నారు.

దామోదర్ ఆ కాగితం అందుకుని లామినేషన్ చేయిస్తానన్నాడు. ఆదివారం సాయంత్రం ఆరింటికి వేస్తాడు.

14-8-94, ఆదివారం

రాత్రయింది, అయినా రాయాలి.

గల్లీలో పెద్ద టీవీ మా అక్కదే. తప్పనిసరై దాన్ని వాకిట్లో పెట్టింది. “నా టీవీల నువ్వెట్లస్తవో సూస్త శంకరీ” అంటూనే బొట్టు పెట్టింది టీవీకి. అరవై మందికి పైనే వచ్చారు. విశ్వనాథం గారికి కుర్చీ వేశాం. నేను వెనక గోడ పక్కన నిలబడ్డాను. మా ఆవిడ వెనక్కి తిరిగి, చాప మీద తన పక్కన చేత్తో తట్టింది. అరవై మంది చూస్తున్నారు. పోయి కూర్చున్నాను.

మొదట ఒక అట్ట మీద దామోదర్ చేతిరాత వచ్చింది. ‘ఓనరు శ్రీ మాదాసు చెన్నయ్య గారి అనుమతితో’. అందరూ చప్పట్లు కొట్టారు. నేను చాప అంచు పీకుతూ కూర్చున్నాను.

తరవాత మా ఆవిడ వచ్చింది. గడప మీద నిలబడి, నడుము మీద చెయ్యి పెట్టి, కోడల్ని చూస్తోంది. పొయ్యి మాట అంది. వాకిలంతా గొల్లుమంది. నా పక్కనున్న మా ఆవిడ నవ్వలేదు. చూస్తూనే ఉంది, రెప్ప వేయడం లేదు. నేను ఆ రోజు అద్దం బయటి నుంచి చూసిన బొమ్మకు ఇవాళ గొంతు వచ్చింది. అత్తా కోడళ్ళు ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు పెట్టుకుని, పొగ మధ్య ఒకరినొకరు తిట్టుకుని, చివరికి వానకు ఒక పొయ్యి తడిస్తే రెండో పొయ్యి దగ్గర ఇద్దరూ కూర్చుంటారు. అంతే కథ. కొందరు ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

అయిపోయాక అందరూ మా అక్క వైపు చూశారు. అక్క టీవీ వైపు వేలు చూపించి ఒక్కసారి లేచింది.

“గా చీర నాది!”

ఎవరికీ అర్థం కాలేదు.

“గా ఎర్రంచు చీర నాది! ఎనిమిదేండ్ల సంది ఎతుకుతున్న. పెట్టెలన్ని తీసిన, చాకలామె తోటి కొట్లాడిన. నీ మీదున్నదా నా చీర?”

“పెండ్లికి పోవాలె అంటె నువ్వే ఇస్తివి గద వదినె” అంది మా ఆవిడ. “పెండ్లి గాదు, షూటింగ్. నువ్వు నమ్మవని జెప్పలే.”

“గది నువ్వే! నా చీర కట్టుకున్నది నువ్వే!” అంది అక్క. అరవై మంది ముందు అంది. అన్నాక తానేమందో తనకే తెలిసి కూర్చుండి పోయింది. “లావుగ అవుపడ్డవ్” అని మెల్లగా కలిపింది.

మా ఆవిడ అప్పుడు నవ్వింది.

15-8-94, సోమవారం

సెలవు రోజు. పొద్దున ఐదుగురు పాలకు వచ్చి, మా ఆవిడతో తిట్టించుకుని మరీ తీసుకుపోయారు.

వాళ్ళు పోయాక మా ఆవిడ నా ఎదురుగా వచ్చి నిలబడింది. “నువ్వు ఓనరువే గద?”

తలూపాను. ఊపి, “అవును” అని నోటితో కూడా అన్నాను.

“మరి నా ముచ్చట ఒకటి ఏమాయె? కోడల్ని తిడ్తుంటె నువ్వు లైట్ల పక్క నిలవడి నోరు దెరుసుకుని నన్నే సూస్తుంటివి. నేను యాక్టింగు మరిచి, ‘ఏమయ్యా, గట్ల నిలవడ్డవ్, బర్రెకు కుడితి పెట్టినవా?’ అన్న. నువ్వు తలకాయ ఊపినవ్. అందరు నవ్విరి. గా సారు, గిది ఉంచేస్తమమ్మా అన్నడు. నిన్న ఎంత సూసినా అది రాలే. గా ముక్కలనే నువ్వుంటివి. సినిమా మొత్తంల నువ్వు ఉన్నది గండ్లనే.”

ఆ రోజు దుకాణం అద్దంలో ఆ ముక్క రానప్పుడు నేను హమ్మయ్య అనుకున్నాను. అది ఆమెకు చెప్పలేదు. దాచడం కాదు, ఉత్తరం రాసే తొందర. ముందు ఇక్కడ రాసుకుని, తరవాత మంచి కాగితం మీద ఎక్కిస్తాను.

‘గంగాధరరావు గారికి చెన్నయ్య నమస్కరించి రాయునది. సినిమా నిన్న వేశాము. గల్లీ మొత్తం చూసింది. శంకరమ్మ చూసింది. నేను ఆమె పక్కన కూర్చున్నాను. మీరు తీసేసిన ముక్క ఒకటి ఉంది, బర్రెకు కుడితి పెట్టావా అని నన్ను అడిగేది. అది ఆమెకు కావాలి. నాకూ కావాలి. పాత టేపులు మీ దగ్గరే ఉంటాయని అనుకుంటున్నాను. ఎక్కడ ఉండాలో అక్కడ పెట్టి పంపించండి. ఓనరుగా నా అనుమతి ఉంది, కావాలంటే సంతకం పెట్టి పంపుతాను. ఆ ముక్క దొరక్కపోతే మీరే ఒకసారి రండి, మళ్ళీ తీద్దాము. షెడ్డు ఉంది, పొయ్యిలు ఉన్నాయి, చీర మా అక్క వెనక్కి తీసుకుపోయింది, ఇక ఇవ్వదు గాని వేరేది చూస్తాము. నేను అట్లాగే నోరు తెరుచుకుని నిలబడతాను, అది నాకు నేర్పక్కర్లేదు. రేపటి నుంచి ఆమె గేటు దగ్గరే ఉంటుంది. ఈ ఉత్తరం అందిన రోజే, మరిచిపోకుండా, రెండు మాటలైనా జవాబు రాయండి.’